పడుకుంటే 62, నిలబడితే 86: భంగిమ, వ్యాయామం, గుండె విద్యుత్తు గురించి

పర్లాకిమిడి_సైన్సు_మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో ఒక ఉన్నత పాఠశాలలో 25 ఏళ్ళుగా సైన్సు చెబుతున్నాను. వయసు 54. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడం మా ఇంటి ఆనవాయితీ కనుక, ఈ ఏడు కొండెక్కే ముందు గుండె సంగతి ఒకసారి చూసుకుందామని వారం రోజులపాటు నాడి లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాను. తెల్లవారి మంచం దిగకముందు 62, కుర్చీలో కూర్చుంటే 70, లేచి నిలబడితే 86 దాకా వచ్చింది. ఒక్కరోజు సంగతి కాదు, వారమంతా దాదాపు ఇదే వరుస.

పదవ తరగతిలో గుండె పాఠం చెప్పేటప్పుడు "నిమిషానికి 72 సార్లు" అని బోర్డు మీద రాస్తాను. మొన్న ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ 72 పడుకున్నప్పుడా, నిలబడినప్పుడా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. రేపు చెబుతానని అన్నాను. ఇంతవరకు చెప్పలేదు.

ఇంకొక సందేహం కూడా ఉంది. నాకు ఈసీజీ తీసినప్పుడు వెల్లకిలా పడుకోబెట్టారు. ఆయాసం వల్ల పడుకోలేని నా స్నేహితునికి కూర్చోబెట్టి తీశారు. ఆయన పాత కాగితానికీ కొత్త కాగితానికీ గీతలు కలవడం లేదు. భంగిమ మారితే నాడి వేగమే కాక, ఆ గీతలు కూడా మారతాయా? వీటిలో అసలైన అంకె ఏది?

బరంపురం_శరీరధర్మం

మాస్టారూ, మీ మూడు అంకెలూ అసలైనవే. నేను వైద్య విద్యార్థులకు శరీరధర్మ శాస్త్రం బోధిస్తాను. ఈ పాఠాన్ని మొదటి సంవత్సరం పిల్లల చేత వాళ్ళ ఒంటి మీదనే చేయిస్తాను, ఎందుకంటే చెబితే నమ్మరు.

పడుకున్న మనిషి లేచి నిలబడగానే సుమారు అర లీటరు నుంచి 800 మిల్లీలీటర్ల రక్తం ఛాతీ భాగం నుంచి పొట్టలోకీ కాళ్ళలోకీ దిగిపోతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది కాబట్టి ఒక్కొక్క దెబ్బకు గుండె బయటికి నెట్టే రక్తమూ తగ్గుతుంది. మెడలోని పెద్ద ధమని చీలే చోటా, బృహద్ధమని వంపులోనూ ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలు ఉంటాయి. అవి ఈ తగ్గుదలను క్షణాల్లో పసిగట్టి మెదడు కాండానికి కబురు పంపుతాయి. అక్కడి నుంచి రెండు ఆజ్ఞలు వస్తాయి. మొదటిది, గుండెను పట్టి ఆపుతున్న వేగస్ నరం పట్టు సడలించమని. రెండవది, సహానుభూత (సింపథెటిక్) నరాలు గుండెను అదిలించి, రక్తనాళాలను బిగించమని. మొదటి ఆజ్ఞ ఒకటి రెండు దెబ్బలలోనే పనిచేస్తుంది. రెండవది పూర్తిగా అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

"పట్టి ఆపుతున్న" అన్నమాట ఊరికే వాడలేదు. గుండె లయ పుట్టేది కుడి కర్ణికలోని సిరాకర్ణికా కణుపులో. ఆ కణాలు ఎవరి ఆజ్ఞ లేకుండానే, వాటంతట అవే, ఒక దెబ్బ ముగిసిన వెంటనే తరువాతి దెబ్బకు విద్యుత్తును కూడగట్టుకుంటూ ఉంటాయి. మందులతో రెండు రకాల నరాల ప్రభావాన్నీ తొలగిస్తే గుండె తన సొంత వేగంతో కొట్టుకుంటుంది. ఆ సొంత వేగానికి 1970లో ఒక సూత్రం ప్రకటించారు: 118.1 నుంచి, వయసును 0.57తో గుణించగా వచ్చినదాన్ని తీసివేయాలి. మీ 54 ఏళ్ళకు వేస్తే సుమారు 87 వస్తుంది. అంటే మంచం మీద మీకు కనిపించిన 62 మీ గుండె సొంత వేగం కాదు, వేగస్ నరం కళ్ళెం పట్టి నడిపిస్తున్న వేగం. లేచి నిలబడగానే ఆ కళ్ళెం వదులైంది.

కాబట్టి ఆ అమ్మాయికి, విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో 60 నుంచి 100 వరకు సహజమని, 72 అనేది నోటికి పట్టిన సగటు మాత్రమేనని, లేచి నిలబడితే 10 నుంచి 20 దాకా పెరగడం ఆరోగ్యవంతుల లక్షణమని చెప్పండి. మీది కాస్త ఎక్కువగా 24 పెరిగినట్టుంది. ఎప్పుడు లెక్కపెట్టారు? నిలబడిన వెంటనేనా, కాసేపు ఆగా?

పర్లాకిమిడి_సైన్సు_మాస్టారు

వెంటనే, మేడమ్. లేవడమూ వేలు పెట్టుకోవడమూ ఒక్కసారే.

రాయగడ_సిస్టర్

మాస్టారు గారూ, తేడా అక్కడే వచ్చింది. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మేము కొలిచే పద్ధతి చెబుతాను. ముందు 5 నిమిషాలు మాటా పలుకూ లేకుండా పడుకోవాలి. అప్పుడు నాడి, బీపీ రెండూ చూసుకోవాలి. తరువాత లేచి నిలబడి 1వ నిమిషంలో ఒకసారి, 3వ నిమిషంలో మరొకసారి రెండూ చూడాలి. నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒక్క దెబ్బ తప్పినా నాలుగు తేడా వస్తుంది. 30 సెకన్లు మేలు. లయ తప్పుతున్నట్టు వేలికి తెలిస్తే పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. మెడ దగ్గర చూసేవారు రెండు వైపులా ఒకేసారి నొక్కకూడదు.

నిలబడిన 3 నిమిషాలలోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే దాన్ని పట్టించుకోవాలి. కళ్ళు తిరగకపోయినా పట్టించుకోవాలి. నాడి ఒక్కటే చూసి వదిలేస్తే సగం సంగతి తెలియకుండా పోతుంది. రాత్రి మూత్రానికి చటుక్కున లేచి, వరండాలో పడి, తుంటి విరిగి వచ్చిన ముసలివారిని నేను చాలామందిని చూశాను. వాళ్ళలో ఎవరికీ అంతకు ముందు నిలబెట్టి బీపీ చూసిన దాఖలా కాగితంలో ఉండదు. నాకు బాధ కలిగించే విషయం ఇది. నిలబెట్టి కొలవడానికి మూడు నిమిషాలు చాలు.

పట్టుమగ్గం_61

అమ్మా, మీరు రాసినది చదివి నేనూ రాయాలనిపించింది. మాది బరంపురం. మూడు తరాలుగా పట్టు నేస్తున్నాము. నాకు 61. గుంట మగ్గం మీద గట్టున కూర్చుని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి, కింది చెక్కలు తొక్కుతూ, చేత్తో పోగు కండె ఉండే నాడెను విసురుతూ ఉదయం మూడు గంటలు ఏకబిగిన నేస్తాను. నేస్తున్నంతసేపు ఏ బాధా లేదు. గట్టు పట్టుకుని పైకి లేవగానే కళ్ళ ముందు చీకటి కమ్ముతుంది. మగ్గం దూలం పట్టుకుని నిలబడితే పది లెక్కపెట్టేలోగా పోతుంది. ఆరు నెలలుగా ఇలా ఉంది. బీపీకి ఎటినోలాల్ మాత్ర ఒకటి, ప్రోస్టేట్‌కు రాత్రి పూట మాత్ర ఒకటి వాడుతున్నాను. రోజంతా కాళ్ళూ చేతులూ ఆడిస్తూనే ఉంటాను కదా, ఇది వ్యాయామం కిందికి రాదా? వస్తే ఈ చీకటి ఎందుకు?

బరంపురం_శరీరధర్మం

అన్నయ్యా, మీ ప్రశ్న మంచి ప్రశ్న, మీ మగ్గంలోనే దాని జవాబు కూడా ఉంది. పిక్క కండరం బిగిసిన ప్రతిసారీ దాని లోపలి సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. సిరల్లో ఉన్న కవాటాలు ఆ రక్తాన్ని మళ్ళీ కిందికి జారనివ్వవు. మీరు చెక్కలు తొక్కుతున్నంతసేపు మీ పిక్కలు గుండెకు సాయంగా మరో పంపులా పనిచేస్తున్నాయి. తొక్కడం ఆపి లేచిన క్షణంలో ఆ పంపు ఆగిపోతుంది, అదే క్షణంలో రక్తం కిందికి దిగుతుంది. పైగా పనిలో వేడెక్కిన కాలి కండరాలలోని రక్తనాళాలు విచ్చుకునే ఉంటాయి కాబట్టి రక్తం అక్కడే నిలిచిపోతుంది. పరుగు పందెం ముగించి ఒక్కసారిగా నిలబడిపోయిన కుర్రవాడు తూలిపడేది కూడా ఇందుకే. అందుకే పరుగు ఆపాక కాసేపు నడవమంటారు.

వ్యాయామమా అంటే, కాళ్ళ వరకు అవును, తేలికపాటిది. కానీ పని రెండు రకాలు. నడక, సైకిలు, తొక్కుడు లాంటి కదలికల పనిలో నాడి బాగా పెరుగుతుంది. పనిచేసే కండరాలలో నాళాలు విచ్చుకుంటాయి కనుక కింది బీపీ పెద్దగా పెరగదు. ఒకే బిగువుతో పట్టి ఉంచే పనిలో, ఉదాహరణకు నీళ్ళ బిందె ఎత్తి పట్టుకోవడంలో, నాడి కొద్దిగానే పెరుగుతుంది గానీ పై బీపీ, కింది బీపీ రెండూ ఎక్కుతాయి. ఊపిరి బిగపట్టి బరువెత్తితే మరీ ఎక్కువ.

గొంతుక్కూర్చోవడం గురించి కూడా ఒక మాట. గొంతుక్కూర్చుంటే కాళ్ళలోని రక్తం ఛాతీకి చేరుతుంది, తొడల ధమనులు మడతపడి ఒత్తిడి పెరుగుతుంది, నాడి నెమ్మదిస్తుంది. అందులోంచి చటుక్కున లేస్తే ఇవన్నీ ఒక్కసారిగా తిరగబడతాయి. పుట్టుకతో ఒక రకమైన గుండె లోపం ఉన్న పసిపిల్లలు ఆయాసం వచ్చినప్పుడు ఎవరూ నేర్పకుండానే గొంతుక్కూర్చుంటారు. ఆ భంగిమలో ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తం పెరుగుతుంది. అలాంటి పిల్లవాణ్ణి మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీ మాత్రల సంగతి సిస్టర్ గారు చెప్పడమే బాగుంటుంది.

రాయగడ_సిస్టర్

బాబాయ్ గారూ, ఎటినోలాల్ నాడిని పెరగనివ్వదు. ప్రోస్టేట్ మాత్రలలో కొన్ని రక్తనాళాలను సడలిస్తాయి. లేచినప్పుడు మీ ఒంటికి కావలసినవి రెండే: నాడి పెరగడం, నాళాలు బిగియడం. ఆ రెండింటికీ రెండు మాత్రలు అడ్డుపడుతూ ఉండవచ్చు. అయితే ఏ మాత్రనూ మీ అంతట మీరు మానవద్దు. ముఖ్యంగా ఎటినోలాల్‌ను హఠాత్తుగా ఆపకూడదు. నేను పైన రాసిన పద్ధతిలో మూడు రోజులు కొలిచి, ఆ కాగితం పట్టుకుని మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళండి. ఈ లోపల మగ్గం దిగే ముందు పిక్కలు పదిసార్లు బిగించి వదలండి, గట్టు మీద ఒక నిమిషం కూర్చోండి, ఆ తరువాతే లేవండి.

గుణుపురం_ఈసీజీ

మాస్టారి రెండవ ప్రశ్న అలాగే ఉండిపోయింది. నేను 17 ఏళ్ళుగా ఈసీజీ, ట్రెడ్‌మిల్ (కదిలే పట్టీ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే) పరీక్షలు చేస్తున్న టెక్నీషియన్‌ను.

ఈసీజీ అంటే గుండెలో విద్యుత్తు ఏ దిక్కుకు ఎంత బలంగా పారుతోందో చర్మం మీద నుంచి చూడటం. గుండె ఛాతీలో మేకు కొట్టి బిగించిన వస్తువు కాదు. అది విభాజక పటలం మీద ఆని ఉంటుంది. నిలబడితే, లేదా గట్టిగా ఊపిరి పీలిస్తే, పటలం కిందికి దిగి గుండె నిటారుగా వేలాడుతుంది. పడుకుంటే పైకి జరిగి అడ్డంగా వాలుతుంది. గుండె తిరిగితే దాని విద్యుత్తు దిక్కూ తిరుగుతుంది, మన తీగలు మాత్రం అతికించిన చోటనే ఉంటాయి. అందువల్ల క్యూఆర్ఎస్ అలల (జఠరికల్లో విద్యుత్తు పారేటప్పుడు వచ్చే నిటారు అలల) ఎత్తు మారుతుంది. మూడవ లీడులో (తీగలు ఒక్కొక్క దిక్కు నుంచి చూపే గీతను లీడు అంటాము) కనిపించిన చిన్న క్యూ అల, అంటే క్యూఆర్ఎస్ మొదట్లో కిందికి దిగే గీత, గట్టిగా ఊపిరి పీలిస్తే కొందరిలో మాయమవుతుంది. ఎడమ పక్కకు ఒత్తిగిలితే ఛాతీ లీడులలోని అలలు మారిపోతాయి. గుండె స్థానం సంగతి ఇది. నరాల సంగతి వేరే ఉంది: నిలబడినప్పుడు సహానుభూత నరాల అదిలింపు వల్ల కొందరు ఆరోగ్యవంతులలో, గుండె కింది భాగాన్ని చూసే లీడులలో టీ అల (జఠరికలు తేరుకునేటప్పటి అల) చదునైపోతుంది, ఒక్కొక్కసారి తలకిందులవుతుంది కూడా. తెలియనివారు దాన్ని గుండెకు రక్తం అందని గుర్తుగా పొరబడే ప్రమాదం ఉంది.

ఆ పొరపాటు నా చేతుల మీదుగానే జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పడుకోలేని ఒక పెద్దాయనకు కూర్చోబెట్టి ఈసీజీ తీశాను. ఆ సంగతి కాగితం మీద రాయలేదు. డాక్టరు గారు పాత కాగితంతో పోల్చి, కొత్త మార్పు వచ్చిందని ఆయనను రాత్రికి రాత్రి రైలులో విశాఖపట్నం పంపించారు. అక్కడ పడుకోబెట్టి తీస్తే పాత గీతలే వచ్చాయి. ఆ కుటుంబానికి ఆ ఒక్క రాత్రి ఎలా గడిచిందో తరువాత వాళ్ళబ్బాయి నాతో చెప్పాడు. ఆనాటి నుంచి "కూర్చోబెట్టి తీసినది" అని ఎర్ర సిరాతో రాయకుండా ఏ కాగితమూ నా బల్ల దాటలేదు. మాస్టారూ, మీ స్నేహితుని కాగితం మీద ఆ మాట ఉందేమో చూడండి. లేకపోతే ఇప్పుడైనా రాయించండి.

చిత్రమైన సంగతి ఒకటి. ఈ యంత్రానికి ఆద్యుడైన ఐంథోవెన్ కాలంలో రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీటి తొట్లలో ముంచి తీసేవారు. ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే పడుకోబెట్టి తీయడం తరువాత స్థిరపడిన అలవాటు. గీతల్ని ఒకదానితో ఒకటి పోల్చాలంటే భంగిమ ఒకటే కావాలి గనుక ఆ అలవాటు నిలిచింది.

జయపురం_సైకిలు

నాకు 33. పన్నెండేళ్ళుగా రోజూ సైకిలు తొక్కుతాను. సెలవు రోజుల్లో దేవమాలి కొండ దారి ఎక్కుతాను. ఉద్యోగం కోసం వైద్య పరీక్షకు వెళితే నాడి 46 వచ్చింది. ఈసీజీ కాగితం మీద యంత్రమే "గుండె వేగం తక్కువ, మొదటి దశ అడ్డంకి" అని అచ్చువేసింది. మా అమ్మ ఆ "అడ్డంకి" అన్నమాట విని రెండు రోజులు అన్నం తినలేదు. అది రక్తనాళంలో అడ్డంకా?

గుణుపురం_ఈసీజీ

కాదు తమ్ముడూ. ముందు అమ్మగారికి ఆ మాట చెప్పండి. అది రక్తనాళంలో పూడిక కాదు. కర్ణికల నుంచి జఠరికలకు విద్యుత్తు వెళ్ళే దారిలో, కర్ణికా జఠరికా కణుపు దగ్గర ఆలస్యం మామూలు కంటే కాస్త ఎక్కువగా ఉందని మాత్రమే దాని అర్థం. పీఆర్ అంటారు ఆ వ్యవధిని, 0.20 సెకన్లు దాటితే యంత్రం ఆ పేరు పెడుతుంది. ఏళ్ళ తరబడి సాధన చేసినవారిలో విశ్రాంతి వేళ ఇది తరచుగా కనిపిస్తుంది. ఇలాంటివారిని లేపి, చోటులోనే రెండు నిమిషాలు పరుగెత్తించి మళ్ళీ తీస్తే వేగం పెరిగి, ఆ వ్యవధి కుదించుకుపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వ్యాయామంతో సర్దుకునేది సాధారణంగా సాధన తెచ్చిన మార్పు. వ్యాయామంలో ముదిరేదైతే డాక్టరు చూడాలి. మీకు ఎప్పుడైనా స్పృహ తప్పిందా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా? ఈ రెండింటికీ లేదు అన్నదే జవాబైతే, ఆ మాట కూడా డాక్టరు గారితో చెప్పి కాగితం చూపించండి.

జయపురం_సైకిలు

రెండింటికీ లేదండీ. అమ్మకు చదివి వినిపించాను.

కొరాపుట్_నడక

అందరికీ ఒక హెచ్చరిక. 220 నుంచి వయసు తీసివేస్తే వచ్చే అంకె దాటితే గుండె ఆగిపోతుందని మా నడక బృందంలో చెబుతారు. మాస్టారికి 166. మహేంద్రగిరి నిట్టెక్కుడులో అది దాటడం ఖాయం. ఆయన ఈ ఏడు మానుకోవడం మంచిదని నా అభిప్రాయం.

బరంపురం_శరీరధర్మం

మీరు మాస్టారి మేలు కోరి రాశారు, కానీ ఆ అంకె అర్థం అది కాదు. 220 సూత్రం 1971 నాటిది. అప్పటికి అచ్చయిన వేరు వేరు ఫలితాల మీదుగా ఒక గీత గీసి చెప్పిన అంచనా అది, ప్రమాదపు గీటు కాదు. ఆ వయసువారు శక్తికొద్దీ పరుగెత్తినప్పుడు గుండె సుమారుగా ఎంత వేగం అందుకోగలదో చెప్పేది మాత్రమే. ఒక్కొక్కరిలో 10, 12 అటూ ఇటూ ఉండటం మామూలు. 2001లో వచ్చిన మరో సూత్రం, అంటే 208 నుంచి వయసుకు 0.7 వంతు తీసివేసేది, మాస్టారికి 170 ఇస్తుంది. ఇక ఎటినోలాల్ వాడే పట్టుమగ్గం అన్నయ్య లాంటివారికి ఈ రెండు సూత్రాలూ పనికిరావు, వాళ్ళ నాడి అంత దూరం వెళ్ళదు.

కొండ మీద అంకె కంటే మాట మంచి కొలత. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడుతూ ఎక్కగలిగితే ఆ వేగం మధ్యస్థం. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించాలి. ఛాతీలో బరువు, దవడకూ ఎడమ చేతికీ పాకే నొప్పి, చెమటలు, కళ్ళు తిరగడం వస్తే అక్కడే ఆగాలి, నాడి ఎంతన్నది చూడనక్కర లేదు. ఎండ కూడా ఉంది: ఒకే వేగంతో ఎక్కుతున్నా, చెమటతో నీరు పోతూ, రక్తం చర్మానికి మళ్ళుతూ ఉండగా గంట గడిచేసరికి నాడి నెమ్మదిగా పైకి జరుగుతుంది. కొండ 1,501 మీటర్లు. తెల్లవారుజామునే బయలుదేరితే మంచిది.

గుణుపురం_ఈసీజీ

మాస్టారికి అనుమానముంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవచ్చు. మేము వాడే బ్రూస్ పద్ధతి 1963 నాటిది. గంటకు 2.7 కిలోమీటర్ల నడక, పట్టీకి 10 శాతం ఏటవాలు దగ్గర మొదలవుతుంది. ప్రతి 3 నిమిషాలకూ వేగమూ వాలూ రెండూ పెరుగుతాయి. చేతులూ కాళ్ళూ ఊగుతాయి కనుక ఆ తీగలను భుజాల దగ్గరికీ, పొట్ట దగ్గరికీ మారుస్తాము. ఆ మార్పుతోనే గీతలు కొంత మారతాయి. కాబట్టి పరీక్ష ముందు నిలబెట్టి తీసిన కాగితాన్ని మామూలు ఈసీజీతో పోల్చకూడదు.

నాడి పెరిగేకొద్దీ పీఆర్ కుదించుకుపోతుంది, క్యూ అల మొదలు టీ అల ముగిసేదాకా పట్టే క్యూటీ వ్యవధీ తగ్గుతుంది. క్యూఆర్ఎస్ అల ముగిసే చోటు కాస్త కిందికి దిగి, అక్కడి నుంచి గీత నిటారుగా పైకి ఎక్కితే అది వ్యాయామంలో సహజం. అదే గీత అడ్డంగా గానీ, ఇంకా కిందికి జారుతూ గానీ 1 మిల్లీమీటరు లేదా అంతకంటే లోతుగా ఉంటే గుండె కండరానికి రక్తం చాలడం లేదేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. ఆపిన తరువాతి మొదటి నిమిషాన్ని నేను ఎంతో శ్రద్ధగా చూస్తాను. నెమ్మదిగా నడిపిస్తూ ఉండగా ఆ నిమిషంలో నాడి 12 కంటే ఎక్కువ తగ్గాలి. వేగస్ నరం మళ్ళీ కళ్ళెం అందుకున్న గుర్తు అది. అంతకంటే తక్కువ తగ్గినవారికి ముప్పు ఎక్కువని 1999లో ఒక పెద్ద అధ్యయనం చూపింది.

సిరొంచ_ఆశా

నేను గోదావరికి అవతలి ఒడ్డున, గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు ఆశా కార్యకర్తను. ఇక్కడ చదివి, సిస్టర్ గారి పద్ధతిలో మా ఊరి 17 ఏళ్ళ అమ్మాయిని కొలిచాను. బడిలో ప్రార్థన వేళ నిలబడి రెండుసార్లు పడిపోయింది. పడుకుంటే నాడి 88, నిలబడిన 5వ నిమిషంలో 126. బీపీ పడలేదు. ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందంటున్నారు. ఊరికే నిలబడితేనే ఇంత పెరగడం నేను ఎప్పుడూ చూడలేదు.

బరంపురం_శరీరధర్మం

చెల్లీ, చాలా మంచి పని చేశారు. బీపీ పడకుండానే, నిలబడిన 10 నిమిషాలలోపు నాడి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి, నెలల తరబడి తల తేలిపోవడం, దడ ఉంటే దానికి పాట్స్ (POTS) అనే ప్రత్యేకమైన రోగ నిర్ణయం ఉంది. 12 నుంచి 19 ఏళ్ళవారికి ఆ గీత 40 దగ్గర పెడతారు, ఎందుకంటే ఆ వయసులో సహజంగానే పెరుగుదల ఎక్కువ. ఈ అమ్మాయిది 38. కానీ ఆ పేరు దాకా వెళ్ళే ముందు తేల్చవలసినవి ఉన్నాయి. పడుకున్నప్పుడే 88 ఉండటం నన్ను ఆలోచింపజేస్తోంది. రక్తం పలుచనైతే, ప్రాణవాయువు చాలక గుండె ఎప్పుడూ తొందరగానే కొట్టుకుంటుంది. జ్వరమైనా, నీరు తక్కువైనా అంతే. ముందు హిమోగ్లోబిన్ చూపించండి. మీ ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉంది కనుక ఆ పరీక్ష కూడా చేయించండి. పడిపోయిన బిడ్డకు ఒక ఈసీజీ తప్పనిసరి.

సిరొంచ_ఆశా

చేయించాము. హిమోగ్లోబిన్ 7.8 మాత్రమే. ఈసీజీలో వేగం తప్ప మరే దోషమూ లేదన్నారు. సికిల్ పరీక్షకు రక్తం పంపారు. వాళ్ళ అమ్మ గాలి మాట మాని, మాత్రలు తీసుకెళ్ళింది.

పర్లాకిమిడి_సైన్సు_మాస్టారు

ఇన్ని రోజులు చదువుతూ ఉన్నాను. నిన్న గుణుపురం వెళ్ళి, మన టెక్నీషియన్ గారి దగ్గర పడుకుని, యంత్రం నడుస్తూ ఉండగానే లేచి నిలబడ్డాను. కాగితం మీటరు పొడవు వచ్చింది. దాదాపు 15వ దెబ్బ దగ్గర రెండు అలల మధ్య దూరం 0.62 సెకన్లు, అంటే నాడి 97. 30వ దెబ్బ దగ్గర 0.74 సెకన్లు, అంటే 81. ముందు ఎగసి, తరువాత తనంతట తాను సర్దుకుంది. రెండో దూరాన్ని మొదటి దానితో భాగిస్తే 1.19. అది 1.04 కంటే ఎక్కువ ఉంటే ఆ నరాల దారి చక్కగా ఉన్నట్టేనని ఆయన చెప్పారు. నా 86 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది: ఎగసి దిగుతున్న అంకెను నేను మధ్యలో పట్టుకున్నాను.

ఇవాళ తరగతిలో బల్లలు కలిపి పిల్లల్ని పడుకోబెట్టి, నిలబెట్టి కొలిపించాను. అందరికీ పెరిగింది. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "పరుగు పందెంలో ఈల వేయకముందే దడ పుడుతుంది కదా మాస్టారూ, అప్పటికి రక్తం ఎక్కడికీ దిగలేదు కదా?" అంది.

బరంపురం_శరీరధర్మం

ఆ అమ్మాయిని నా దగ్గరికి పంపండి మాస్టారూ! ఆమె అన్నది నిజం. అక్కడ ఒత్తిడి తగ్గడం కారణం కాదు. పరుగెత్తాలని మెదడు కండరాలకు ఆజ్ఞ సిద్ధం చేస్తూనే, అదే నోటితో వేగస్ నరానికి పట్టు వదలమని చెబుతుంది. ఆ నరం గుండెతో మాట్లాడేది ఒక రసాయనం ద్వారా. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో దీన్ని చూపించాడు: ఒక గుండె వేగస్ నరాన్ని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండవ గుండెకు పోస్తే, ఏ నరమూ ముట్టని ఆ రెండవ గుండె కూడా నెమ్మదించింది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. అది పుట్టిన చోటనే క్షణంలో విరిగిపోతుంది కనుకనే పట్టు వదలడం అంత త్వరగా జరుగుతుంది. గుండె మార్పిడి జరిగినవారిలో ఈ నరాలు తెగిపోయి ఉంటాయి. వాళ్ళకు ఈల వినగానే దడ పుట్టదు, నడక మొదలైన కొన్ని నిమిషాలకు, రక్తంలో అడ్రినలిన్ చేరాకే నాడి పెరుగుతుంది.

ఇంట్లో చేయించడానికి ఇంకొకటి: మణికట్టు మీద వేలు ఉంచి నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలమనండి. పీల్చేటప్పుడు తొందరగా, వదిలేటప్పుడు నిదానంగా నాడి అందుతుంది. పిల్లల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

పట్టుమగ్గం_61

అమ్మా, డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి వచ్చాను. మూడు రోజుల కాగితం చూపించాను. పడుకుంటే 138/82, నాడి 64. నిలబడితే 112/70, నాడి 69. ఆయన రెండుసార్లు చదివి, స్వయంగా నిలబెట్టి చూశారు. బీపీ మాత్ర మార్చి, రాత్రి మాత్ర పడుకునే ముందే వేసుకోమన్నారు. రెండు వారాలైంది. ఇవాళ ఉదయం పడుకుంటే 140/84, నాడి 68. లేచిన 1వ నిమిషంలో 128/80, నాడి 79. మగ్గం దిగేటప్పుడు పిక్కలు బిగించి వదులుతున్నాను. దూలం పట్టుకోవలసిన పని నాలుగు రోజులుగా పడలేదు. మా కోడలు పుస్తకంలో ప్రతి అంకె పక్కనా పడుకునా, కూర్చునా, నిలబడా అని రాస్తోంది.

రాయగడ_సిస్టర్

చాలా సంతోషం బాబాయ్ గారూ. 3వ నిమిషం అంకె రాయలేదు మీరు. రేపటి నుంచి అది కూడా రాయమని కోడలితో చెప్పండి.